వైన్ సీసాకి దొరికిన ఒప్పందం మిర్చి టిక్కీకి దొరకదా?

మన ఊళ్ళల్లో ‘వైన్స్’ అని బోర్డు పెట్టిన కొట్లో అమ్మేది బీరు, విస్కీ, బ్రాందీ. అసలు వైన్ అడిగేవాళ్ళు అరుదు. అలాంటి వైన్ గురించి రైతు సంఘం పత్రికలో సంపాదకీయం ఏమిటని సభ్యులు అడగొచ్చు. తాగమని చెప్పడానికి కాదు. వైన్ అంటే ద్రాక్ష రైతు పంట. ఒక దేశం పంట ఇంకో దేశంలోకి పోవాలంటే ఎన్ని అడ్డంకులు ఉంటాయో, వాటిని తీయాలనుకుంటే ఎలా తీయొచ్చో వైన్ వ్యాపారం చూస్తే తెలుస్తుంది. మన మిర్చికి, బియ్యానికి ఆ పని ఎందుకు జరగడం లేదన్నదే మన ప్రశ్న.

ఎండ ఎక్కువ ఉన్న దేశాల్లో ద్రాక్షలో పులుపు తగ్గుతుంది. అక్కడ వైన్ చేసేటప్పుడు టార్టారిక్ ఆమ్లం కలుపుతారు. చలి దేశాల్లో ద్రాక్షలో తీపి చాలదు. అక్కడ చక్కెర కలుపుతారు. ఒక దేశంలో మామూలుగా చేసే పని ఇంకో దేశం చట్టంలో తప్పు. సీసా మీద ఏం రాయాలి, ఎక్కడ రాయాలి అన్నదానికీ దేశానికో రూలు. సుంకం కట్టినా సరే, ఈ రూళ్ళ పేరుతో సరుకుని రేవులో ఆపేయొచ్చు.

దీనికి వాళ్ళు ఏం చేశారు? అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, చిలీ, అర్జెంటీనా వంటి దేశాలు 1998 నుంచి ఒక బృందంగా కూర్చున్నాయి. ప్రభుత్వ అధికారులతో పాటు వైన్ పరిశ్రమ ప్రతినిధులూ అందులో కూర్చున్నారు. 2001 డిసెంబర్లో కెనడాలోని టొరంటోలో ఒప్పందం కుదిరింది. నీ దేశ చట్టం ప్రకారం చేసిన వైన్‌ని నేను రానిస్తాను, నా దేశ చట్టం ప్రకారం చేసినదాన్ని నువ్వు రానివ్వు అన్నదే దాని సారాంశం. 2007లో లేబుల్ మీద కూడా ఒప్పందం చేసుకున్నారు. యూరప్‌తో ఆస్ట్రేలియా విడిగా బేరం ఆడింది. షాంపేన్, పోర్ట్, షెర్రీ అనే యూరప్ పేర్లు తన సీసాల మీద వాడబోమని మాట ఇచ్చింది. బదులుగా తన తయారీ పద్ధతులను యూరప్ చేత ఒప్పించుకుంది. ఇచ్చినదానికి పుచ్చుకుంది.

ఇప్పుడు మన సంగతి చూద్దాం. 2010లో మహారాష్ట్ర ద్రాక్ష యూరప్‌కి పోయింది. అక్కడ పరీక్షల్లో క్లోర్‌మెక్వాట్ క్లోరైడ్ అవశేషాలు కనిపించాయని సరుకు తిరస్కరించారు. తీగ ఏపుగా పెరగకుండా ఆపడానికి తోటల్లో ఏళ్ళుగా కొడుతున్న మందు అది. ఎగుమతికి ముందు మన దేశంలో చేసే పరీక్షల జాబితాలో అప్పటికి అది లేనే లేదు. మన దగ్గర పరీక్ష పాసయిన పండు అక్కడ ఫెయిలయింది. ఒకప్పుడు హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్ తోటలు పెంచిన మన పెద్దలకు తెలుసు, కోసిన ద్రాక్ష ఎన్నాళ్ళు ఆగుతుందో. అధికారులు ఉత్తరాలు రాసుకునేలోపు పంట పోయింది, అప్పు మిగిలింది.

తర్వాత బియ్యం వంతు వచ్చింది. వరిలో అగ్గి తెగులుకి మనం కొట్టే ట్రైసైక్లజోల్ అవశేషం కిలో బియ్యంలో 1 మిల్లీగ్రాము వరకు ఉండొచ్చని యూరప్‌లో రూలు ఉండేది. దాన్ని 0.01కి తగ్గించారు, అంటే నూరో వంతుకి. 2018 నుంచి బాస్మతికి అది అమలైంది. పంజాబ్, హర్యానా రైతుల మీద దెబ్బ పడింది. ఆ మందుకి ఇక్కడ రిజిస్ట్రేషన్ ఇచ్చింది మన ప్రభుత్వమే. కొట్టమని చెప్పిందీ మన శాఖలే.

మిర్చి రైతుకి ఈ కథ కొత్త కాదు. యార్డులో టిక్కీ విప్పి నాలుగు కాయలు విరిచి చూసి, ‘మందుల అవశేషాలు ఉంటాయి, ఎగుమతికి పోదు’ అని ధర తగ్గిస్తారు. ఏ మందు, ఎంత ఉంది, ఎక్కడ పరీక్ష చేశారు అని అడిగితే జవాబు ఉండదు. కాగితం చూపించరు. పరీక్ష లేకుండానే శిక్ష పడుతుంది. ఆ కాయే తర్వాత ఎగుమతి అయ్యిందో లేదో మనకి తెలిసే దారి లేదు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. విషం ఉన్న పంటని ఎవరి నోట్లోనో పెట్టే హక్కు మనకి ఉందని మేము అనడం లేదు. అదే మిర్చి మన పిల్లలూ తింటున్నారు. కల్లంలో సరిగా ఆరని కాయకి బూజు పట్టి అఫ్లాటాక్సిన్ చేరితే అది ఎవరికైనా ప్రమాదమే. మేము అడిగేది వేరు. రూలు మార్చేముందు రైతుకి చెప్పండి. మారడానికి టైం ఇవ్వండి. బదులు మందు చూపించండి. ఇది కొత్త కోరిక కాదు. 1995 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందంలోనే, ఇంకో దేశం పద్ధతి అంతే రక్షణ ఇస్తుందని రుజువు చేస్తే దాన్ని ఒప్పుకోవాలని ఉంది. వర్ధమాన దేశాలకి అదనపు గడువు సంగతీ ఉంది. ఉన్న హక్కుని మన తరఫున గట్టిగా అడిగేవాళ్ళే కరువు.

పాలకులకి చేతకాదని అనుకోవద్దు. ఆస్ట్రేలియాతో 2022 డిసెంబర్లో అమల్లోకి వచ్చిన ఒప్పందం చూడండి. సీసా ధర 5 డాలర్లకి తక్కువైతే 150 శాతం సుంకంలో ఏ తగ్గింపూ లేదు. 5 డాలర్లు దాటితే 100 శాతం, 15 డాలర్లు దాటితే 75 శాతం, ఆపైన పదేళ్ళలో మెల్లగా తగ్గింపు. చౌక వైన్ వచ్చి నాసిక్ వైన్ మీద పడకుండా కట్టిన గట్టు అది. మంచిదే. మరి పత్తికి ఆ గట్టు ఏది? 2025 ఆగస్టులో పత్తి మీద ఉన్న 11 శాతం దిగుమతి సుంకం ఎత్తేసి, దాన్ని డిసెంబర్ చివరి దాకా పొడిగించారు. సరిగ్గా మన తీతల కాలం.

ఒప్పందం కుదిరితే చాలు, రైతు గట్టెక్కుతాడనీ అనుకోకూడదు. చైనాతో ఒప్పందం వల్ల ఆస్ట్రేలియా వైన్‌పై సుంకం 2019లో సున్నా అయింది. రెండేళ్ళు తిరిగేసరికి రాజకీయ తగాదా వచ్చి చైనా 116 నుంచి 218 శాతం దాకా సుంకం వేసింది. 2024 మార్చిలో తీసేసింది. ఈలోగా అక్కడి రివర్‌ల్యాండ్ ప్రాంతంలో ఎర్ర ద్రాక్ష రైతులకి సాగు ఖర్చు కూడా రాలేదు. కొందరు తీగలు పీకేశారు. కంపెనీ ఇంకో మార్కెట్ వెతుక్కుంటుంది. తోట మాత్రం కదలదు. అందుకే ఒక్క దేశాన్ని, ఒక్క కొనుగోలుదారుని నమ్ముకున్న పంట ఎక్కడైనా ప్రమాదమే.

మన సంఘం డిమాండ్లు ఇవి:

ఏ దేశంతో ఒప్పందం చేసుకున్నా సంతకానికి ముందు ముసాయిదాని రైతు సంఘాల ముందు, రాష్ట్రాల ముందు పెట్టాలి. వ్యవసాయం రాష్ట్రాల పరిధిలోని అంశం.

అవశేషాల హద్దు మార్చితే కనీసం రెండు సీజన్ల గడువు ఉండాలని, మన ప్రయోగశాలల రిపోర్టుని అవతలి దేశం ఒప్పుకోవాలని ఒప్పందంలోనే రాయించాలి.

ప్రతి పెద్ద యార్డులో ప్రభుత్వ పరీక్షా కేంద్రం పెట్టాలి. కాగితం లేకుండా ‘అవశేషాలు’ అని ధర తగ్గించడాన్ని నేరంగా చూడాలి.

ఏ దేశానికి పోయే పంట మీద ఏ మందు కొట్టకూడదో ఏటా ఖరీఫ్‌కి ముందే తెలుగులో రైతు సేవా కేంద్రాల్లో, మందుల షాపుల్లో గోడ మీద అంటించాలి.

పత్తికీ కనీస దిగుమతి ధర పెట్టాలి.

సభ్యులకి ఒక మాట. మందు కొన్న ప్రతి బిల్లు దాచండి. ఏ తేదీన ఏ చెక్కలో ఏ మందు ఎంత కొట్టారో ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. కౌలు రైతులు కూడా రాయండి. రేపు యార్డులో మాట్లాడాల్సి వస్తే మన చేతిలో కాగితం ఉండాలి. వచ్చే గ్రామ కమిటీ సమావేశాల్లో ఈ డిమాండ్ల మీద సంతకాలు సేకరించి మండల కమిటీకి అందజేయండి.

వైన్ దేశాలు మనకన్నా తెలివైనవేమీ కావు. వాళ్ళ బల్ల దగ్గర వాళ్ళ సరుకు తరఫున మాట్లాడే మనిషి కూర్చున్నాడు. మన బల్ల దగ్గర మన కుర్చీ ఖాళీగా ఉంది. అడగకపోతే అది ఖాళీగానే ఉంటుంది.