ప్రాణం దక్కింది కదా, ఇంకేం కావాలి?

హైదరాబాద్ నాచారంలో మా ముందుగదిలోనే నా కుట్టుమిషన్. జాకెట్ కొలతలకు వచ్చేవాళ్లలో కొందరు, తలుపు వేశాక కూడా కొంగు తీయడానికి తటపటాయిస్తారు. వాళ్లను నేను ఇట్టే పోల్చుకుంటాను. నాకూ క్యాన్సర్ వచ్చి కుడి రొమ్ము తీసేశారు.

ఇంటికొచ్చిన కొత్తలో చుట్టాలందరిదీ ఒకటే మాట: "ప్రాణం దక్కింది, అదే పదివేలు." నిజమే. కానీ ఆ మాట అన్నాక ఇంకేం చెప్పుకోవడానికీ నోరు రాదు. అద్దం ముందు చీర మార్చుకోలేకపోతున్నానని, ఆయన పక్కన పడుకోవాలంటే బెరుగ్గా ఉందని ఎవరితో అనగలం? "ఈ వయసులో అందం దేనికమ్మా" అనేస్తారు. ఒకవైపు బరువు పోతే భుజం ఒరిగిపోతుంది, మెడా వెన్నూ లాగేస్తాయి. అది అందం గొడవా?

ఉప్పల్‌లో ఉండే ఒక వదిన రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రికి చెకప్‌కు వెళ్తుంటుంది. మెట్రో ఎక్కి అమీర్‌పేట్‌లో మారితే లక్డీకాపూల్‌లో దిగొచ్చు. అయినా ఎండలో బస్సుల కోసం నిలబడుతుంది. ఓసారి స్టేషన్‌లో పరదా వెనక తనిఖీ చేసే అమ్మాయి చెయ్యి, వదిన జాకెట్‌లో కుక్కుకున్న పాత చీర ముక్కల మీద పడింది. ఆ అమ్మాయి తప్పేం లేదు. వదిన మాత్రం మళ్లీ మెట్రో ఎక్కలేదు.

గుడ్డపేలికలకు, దూదికి బరువుండదు. చెయ్యెత్తితే మెడ దాకా పైకి జరిగొస్తాయి. అందుకే జాకెట్ లోపల మెత్తటి నూలుగుడ్డతో జేబు కుడతాను, చంకవైపు నోరు వదిలి. మెడ లోతు తగ్గిస్తాను. హుక్సులు ముందుకే పెడతాను, చంకలో గ్రంథులు తీసినవాళ్లకు చెయ్యి వెనక్కి తిరగదు కనుక. చెయ్యి వాస్తే పట్టేయకుండా ఆ పక్క చేతులు వదులుగా ఉంచుతాను. పుండు మానేదాకా ఆ జేబులో మెత్తటి దూదితో చేసిన కృత్రిమ రొమ్ము, తర్వాత బరువుండే సిలికాన్‌ది పెట్టుకోవచ్చు. నా డిశ్చార్జి కాగితంలో మందులున్నాయి, కుట్లు విప్పే తేదీ ఉంది. ఈ ముక్క లేదు.

న్యూయార్క్‌లో టెరీస్ లాసర్ అనే ఆవిడ, తనకు ఆపరేషన్ అయ్యాక, 1952లోనే ఒక పద్ధతి మొదలుపెట్టింది. ఈ బాధ పడి లేచినవాళ్లే వార్డుకెళ్లి కొత్తవాళ్లతో మాట్లాడతారు. మన హైదరాబాద్‌లో డాక్టర్ రఘురామ్ గారు తల్లి పేరిట 2007లో ఉషాలక్ష్మి ఫౌండేషన్ పెట్టి, ఈ జబ్బు పేరు పైకి అనే ధైర్యమిచ్చారు. ఈ జబ్బు గురించి తెలియజెప్పడానికి చార్మినార్‌కు పెట్టిన గులాబీ దీపాలూ చూశాం. ముందే పరీక్ష చేయించుకోమని చెప్పినంత గట్టిగా ఆపరేషన్ తర్వాతి బతుకు గురించీ చెప్పాలి.

2023 డిసెంబర్‌లో సర్కారు వైద్య పథకం ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచారు, సంతోషం. అది ఒక్కటే చాలదు. రొమ్ము తీసిన ప్రతి ఆడమనిషికీ ఇంటికి పంపేరోజే మెత్తటి కృత్రిమ రొమ్ము, దానికి సరిపడే బ్రా చేతికివ్వాలి. రొమ్ము మొత్తం తీయక్కర్లేని వాళ్లూ ఉంటారని, తీసినా మళ్లీ రూపమిచ్చే సర్జరీ ఉందని సంతకం పెట్టించుకునే ముందే చెప్పాలి. భర్తను పక్కన కూర్చోబెట్టి మాట్లాడే కౌన్సిలర్ ఉండాలి.

నాచారం ఈఎస్ఐ ఆస్పత్రికి ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్లు వస్తారు. అక్కడ వారానికో పూట ఇందుకోసం ఒక గది ఇవ్వండి. టేపు పట్టుకుని నేనొస్తాను, పైసా అక్కర్లేదు.