ముప్పై వేల ఏళ్ల వరం, అరవై వేల విలుకాండ్రు

విజయనగరం కొలువులో రెండవ దేవరాయలు ఒక సూటి ప్రశ్న వేశాడని చరిత్రకారుడు ఫెరిష్తా రాశాడు. మన రాజ్యం బహమనీ సుల్తానులదాని కంటే పెద్దది, జనం ఎక్కువ, ఆదాయం ఎక్కువ, సైన్యమూ ఎక్కువే. అయినా మాటిమాటికీ మనమే ఓడి కప్పం ఎందుకు కడుతున్నాం?

కొలువులో రెండు జవాబులు వచ్చాయి. సుల్తానులకు 30,000 ఏళ్ల పాటు మన మీద పైచేయి ఉండాలని దేవుడే నిర్ణయించాడు, మన గ్రంథాల్లో ముందే రాసి ఉంది అన్నారు కొందరు పండితులు. మరికొందరు అలా అనలేదు. వాళ్ల గుర్రాలు బలమైనవి, మనవి తొందరగా అలసిపోతాయి. పైగా గురితప్పని విలుకాండ్ర దండును వాళ్లు ఏడాది పొడుగునా జీతమిచ్చి పోషిస్తారు, మనకు అలాంటివాళ్లు కొద్దిమందే ఉన్నారు అన్నారు.

ఈ రెండు జవాబుల మధ్య తేడాను మన పిల్లలకు బడిలో చెప్పాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. మొదటిది నిజమో అబద్ధమో తేల్చే దారి లేదు. దాన్ని నమ్మిన రాజుకు మర్నాడు పొద్దున చేయడానికి పనీ లేదు. రెండోదాన్ని పరీక్షించవచ్చు. గుర్రాలు కొనాలి, విలువిద్య నేర్పాలి, మళ్లీ యుద్ధంలో దిగి చూడాలి. దేవరాయలు రెండోదాన్నే పట్టుకున్నాడు.

ఈ పోరంతా నడిచింది కృష్ణా తుంగభద్రల నడుమ నేల కోసం. రాయచూరు, ముద్గల్లు కోటలున్న ఆ నేలకు తూర్పు కొసే మన గద్వాల నడిగడ్డ. అక్కడ తక్కువమంది ఎక్కువమందిని ఎలా ఓడించారో చూస్తే మహిమల అవసరం పడదు. కొమ్ము, కర్ర, పశువుల నరాలు జిగురుతో అతికి చేసిన పొట్టి విల్లు బహమనీ రౌతుది. పొడుగాటి వెదురు విల్లును గుర్రం మీద అటూ ఇటూ తిప్పడం కష్టం, దీన్ని తిప్పడం తేలిక. రికాబుల్లో కాళ్లు బిగించి, పరిగెత్తే గుర్రం మీంచే బాణం వేసి, ఎదుటివాడి కత్తి అందకముందే దూరం జరిగిపోతాడు. అలాంటివాడి ముందు కాల్బలం ఎంత గుంపుగా నిలబడితే గురి అంత సులువవుతుంది.

నది సంగతీ అంతే. 1398లో విజయనగర సేన కృష్ణ ఒడ్డున దిగింది. వరద పొంగి ఉంది కాబట్టి అవతలివాళ్లు దాటలేరని ధీమాగా ఉంది. సుల్తాను ఫిరోజ్ షా బహమనీ మనుషులు కొందరు ఆటపాటల వాళ్ల వేషంలో శిబిరంలోకి జొరబడి రాత్రి రాకుమారుణ్ణి పొడిచి చంపారు. ఆ గందరగోళంలోనే, ముందే సిద్ధం చేసి ఉంచిన తెప్పల మీద బలగం ఏరు దాటింది. ఎవరు ఎవరిని చంపుతున్నారో తెలియక పెద్ద సేన చెదిరిపోయింది.

ఇరవై ఏళ్లు గడిచాక అదే ఫిరోజ్ షా పానగల్ కోట ముందు దెబ్బతిన్నాడు. ఆ కోట ఆదోనికి ఈశాన్యంగా 70 మైళ్ల దూరాన ఉందని చరిత్రకారుడు రాబర్ట్ స్యూయెల్ 1900లో రాశాడు. ఆ లెక్క వనపర్తి పక్కనున్న పానగల్ గుట్టకే సరిపోతుంది. 1417లో ముట్టడి మొదలైంది. కింద పేరుమోసిన సేన, పైన బండల మధ్య కోటలో కొద్దిమంది. నిటారు గుట్ట మీదికి గుర్రం ఎక్కదు. కింది నుంచి వేసిన బాణం పైకి పోయేకొద్దీ బలం తగ్గుతుంది, పైనుంచి వేసినదానికి ఎత్తు తోడవుతుంది. మైదానంలో గెలిపించిన ఆయుధాలు రెండూ ఇక్కడ అక్కరకు రాలేదు. రెండేళ్లు గడిచాయి. శిబిరంలో మనుషులకూ గుర్రాలకూ రోగం సోకింది. అంతమంది, అన్ని పశువులు ఒకేచోట ఏళ్ల తరబడి ఉంటే నీళ్లు చెడక ఏమవుతాయి? అమీర్లు చాలామంది తమ జాగీర్లకు వెళ్లిపోయారు. అప్పుడు మొదటి దేవరాయలు చుట్టుపక్కల రాజులను కలుపుకొని వచ్చి పడ్డాడు. సేనాపతి మీర్ ఫజ్లుల్లా చనిపోయాడు, సుల్తాను పారిపోయాడు.

ఈ ఓటమికీ ఒక మహిమ కథ అతికించారు. ఫిరోజ్ తన కొడుకు హసన్ ఖాన్‌ను వారసుడిగా దీవించమని అడిగితే, కలబురగి సూఫీ గురువు బందే నవాజ్ గేసూదరాజ్ ఒప్పుకోలేదట. కిరీటం తమ్ముడు అహ్మద్‌కే రాసి ఉందన్నాడట. ఆ గురువు మనసు నొప్పించినందుకే సుల్తాను చెడిపోయాడని జనం చెప్పుకున్నారు. కలబురగిలోని ఆ గురువు దర్గాకు మన పాలమూరు నుంచి హిందువులూ ముస్లిములూ వెళ్తారు, వాళ్ల భక్తిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ ఫెరిష్తా ఈ జోస్యాన్ని రాసింది బీజాపూరు కొలువులో, అది జరిగి దాదాపు రెండు వందల ఏళ్లయ్యాక. ఎవరు గెలిచారో తెలిసిన తర్వాత రాసిన జోస్యాన్ని ఎలా నమ్మాలి?

1422లో అహ్మద్ గద్దె ఎక్కిన తీరు కూడా ఫెరిష్తా గ్రంథంలోనే ఉంది. అతని వెంట ఉన్నది కొద్దిమంది, తరుముకొచ్చిన అన్న సేన చాలా పెద్దది. ఖలఫ్ హసన్ అనే వర్తకుడు లంబాడీల బరువుల ఎద్దులను తెప్పించి, వాటికి రంగుల జెండాలు కట్టి, చెట్ల చాటున కొత్త రౌతుదండు వస్తున్నట్టు కనిపించేలా నడిపించాడు. అది చూసి ఎదుటి సేన బెదిరింది. అంతకు ముందు అహ్మద్ కలలో ఫకీరు కిరీటం ఇచ్చాడని కూడా రాసి ఉంది. కథ చెప్పేవాళ్లు కలనే గుర్తుపెట్టుకున్నారు, లంబాడీల ఎద్దులను మరిచిపోయారు.

మనమూ అదే చేస్తున్నాం. దసరానాడు గద్వాలలోనైనా నాగర్‌కర్నూల్‌లోనైనా జమ్మి కొట్టాక పాలపిట్టను చూస్తే విజయం అంటారు. పాండవులు చూసి గెలిచారంటారు. జమ్మి ఆకును బంగారమని చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ తీసుకోవడం నాకు ఇష్టమే, అది మనుషులను కలుపుతుంది. కానీ ఊరి పొలిమేరలో పిట్ట కనబడకపోతే దాన్ని వలేసి పట్టి, పంజరంలో పెట్టి, డబ్బులు తీసుకుని చూపించేవాళ్లు ఉన్నారు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం. తెలంగాణ రాష్ట్ర పక్షి మన శుభం కోసం రెక్కలు విరగ్గొట్టుకోవలసి రావడం నాకు బాధగానూ కోపంగానూ ఉంటుంది. జమ్మికి మొక్కేది పాండవుల ఆయుధాల పేరున. అర్జునుడు గురి నేర్చుకున్నది పిట్టను దర్శించుకుని కాదు కదా.

మళ్లీ రెండవ దేవరాయల దగ్గరికి వస్తే, ఆయన ఏం చేశాడో చూడండి. ముస్లిం సైనికులను కొలువులో చేర్చుకుని జాగీర్లు ఇచ్చాడు, రాజధానిలో మసీదు కట్టించాడు, వాళ్ల మతానికి అడ్డు రావద్దన్నాడు. వాళ్లు నియమం తప్పకుండా సలాం చేయగలిగేలా సింహాసనం ముందు ఖురాను పెట్టించాడు. 2,000 మంది ముస్లిములు, 60,000 మంది హిందువులు విలువిద్యలో ఆరితేరారని ఫెరిష్తా లెక్క. ఆ అంకెలు పెంచి చెప్పినవి కావచ్చు, సంగతి మాత్రం కల్పన కాదు. 1430 నాటి శాసనమే రాయల కొలువులో పదివేల తురుష్క రౌతులున్నారని చెబుతుంది. 1439లో అహ్మద్ ఖాన్ అనే అధికారి రాయల పుణ్యం కోసం ధర్మశాల కట్టించానని హంపిలో శాసనం వేయించాడు. అది మసీదు.

1443లో పరీక్ష జరిగింది. రాయలు తుంగభద్ర దాటి ముద్గల్లు పట్టాడు, రాయచూరును ముట్టడించాడు, బీజాపూరు దాకా సేనలు వెళ్లాయి. మొదటి పోరు ఆయనదే. తర్వాత పెద్ద కొడుకు చనిపోయాడు, చివరికి సంధి చేసుకోవలసి వచ్చింది. మంచి గుర్రాలు ఇంకా సముద్రం దాటే రావాలి, ఆ లోటు తీరలేదు. 1520లో శ్రీకృష్ణదేవరాయలు రాయచూరు గెలిచినప్పుడు కోటగోడ మీది కాపలావాళ్లను పడగొట్టింది పోర్చుగీసు తుపాకులు. పండితులు చెప్పిన 30,000 ఏళ్లలో అప్పటికి నూరేళ్లయినా నిండలేదు.