అండమాన్ టాక్సీ కిరాయి దోపిడీ కాదు

మొన్న ఒక పెళ్లి భోజనాల్లో మా బంధువొకాయన గొప్పగా చెప్పుకొచ్చాడు: "అండమాన్‌లో టాక్సీవాళ్లది నిలువుదోపిడీ. సగానికి సగం బేరమాడితే గానీ దారికి రారు." పంక్తిలో వాళ్లంతా తలలూపారు. నాకు ముద్ద దిగలేదు.

హేవ్‌లాక్ దీవి జెట్టీ నుంచి రాధానగర్ బీచికి సుమారు 12 కిలోమీటర్లు. "హైదరాబాద్‌లో ఈ దూరానికి ఇంతవుతుందా?" అంటారు. హైదరాబాద్‌లో మిమ్మల్ని దింపిన కారుకి వీధి మలుపులోనే ఇంకో కిరాయి దొరుకుతుంది. రాధానగర్‌లో మీరు మునకలేసి, పొద్దుగూకడం చూసి వచ్చేదాకా డ్రైవరు కాచుకోవాలి, లేదా ఖాళీ బండితో తిరిగి రావాలి. ఆ కారూ, టైర్లూ, పెట్రోలూ వెయ్యి కిలోమీటర్లకు పైగా సముద్రం దాటి వచ్చినవే. వానాకాలంలో యాత్రికులు పలచబడినా ఫైనాన్స్ వాయిదా ఆగదు.

మా బంధువు బారాటాంగ్ దీవికి వెళ్లొచ్చిన సంగతి తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. జిర్కాటాంగ్ చెక్‌పోస్టులో పొద్దున్నే బయల్దేరే కాన్వాయ్ అందుకోవాలంటే డ్రైవరు తెల్లవారకముందే బండి తీయాలి. ఆ దారి జరావా ఆదివాసుల అడవిలోంచి పోతుంది. మధ్యలో ఆపకూడదు, ఫొటోలు తీయకూడదు. అడవిలోని ఆ రోడ్డు మూసేయమని 2002లోనే సుప్రీంకోర్టు చెప్పింది, అయినా బళ్లు నడుస్తూనే వచ్చాయి. కిరాయిలో ఐదొందలు కోసిన మా బంధువు అదే డ్రైవరుతో, "ఇంకో రెండొందలిస్తాను, కాస్త నెమ్మదిగా పోనీ, జరావాలు కనబడతారేమో" అన్నాడట. కష్టానికి కోత, సాటి మనుషుల్ని జూలో జంతువుల్లా చూడటానికి బక్షీసా! పట్టుబడితే ఈయన విమానమెక్కి వచ్చేస్తాడు. ఆ డ్రైవరు పొట్ట మీద దెబ్బ పడుతుంది.

పైగా ఆ డ్రైవరు తెలుగువాడు. శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లి అక్కడ స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉన్నాయి. "మనవాడివే కదా, తగ్గించు" అన్నాడట ఈయన. మనవాడైతే ఇంకో వంద ఎక్కువివ్వాలని ఎందుకు తోచలేదు?

మోసగాళ్లు లేరా అంటే, ఏ ఊళ్లో లేరు? బండెక్కకముందే కిరాయి ఎంతో, ఎంతసేపు ఆగాలో, ఎక్కడెక్కడ తిప్పాలో మాట్లాడుకోండి. 2020లో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబులు వేశాక నెట్ మెరుగైంది గానీ, ఫోన్‌పే ఒక్కదాన్నే నమ్ముకోకుండా నోట్లు దగ్గరుంచుకోండి. దిగాక మాత్రం మళ్లీ గీచి గీచి బేరం మొదలెట్టకండి.