మోకా, మంచెనా?

డాలస్‌లో ఉన్న మా ఫ్రెండ్ ఒకడు ఈమధ్య విల్లుతో జింకల వేట మొదలుపెట్టాడు. అక్కడ లైసెన్సు ఉంటే తప్పు కాదట. మన సత్తుపల్లి, అశ్వారావుపేట అడవుల్లో ఆ పని చేస్తే 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద జైలే, అది వేరే సంగతి. వాడి డౌటల్లా చెట్టు మీద ఉండటానికి శాడిల్ కొనాలా, హ్యాంగ్-ఆన్ స్టాండ్ కొనాలా అని. ఫొటోలు చూస్తే నవ్వొచ్చింది. నడుముకూ తొడలకూ పట్టీ కట్టుకుని, చెట్టు చుట్టూ తాడేసి వెనక్కి వాలితే శాడిల్. చెట్టుకు బెల్టుతో బిగించే బుల్లి మంచె స్టాండ్. ఆ శాడిల్‌కు అన్నలాంటిది మా వేంసూరులో తాటిచెట్లెక్కే ప్రతివాళ్ల దగ్గరా ఉంది. దాని పేరు మోకు.

వాడికి అది వీకెండ్ సరదా. మన గీత కార్మికులకు ఇలాంటి ప్రశ్నే బతుకుతెరువులో ఎదురైంది. 2024 జూలై 14న లష్కర్‌గూడలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కాటమయ్య రక్షణ కవచం కిట్ల పంపిణీ మొదలుపెట్టారు. అప్పట్నుంచి మోకా, కిట్టా అనే వాదన ఉంది.

మోకు పట్టంతా ఒంటి బరువులో ఉంటుంది. మనిషి వెనక్కి వాలినంతసేపే తాడు మానును పట్టి ఉంటుంది. పైకి చేరి మట్టల మధ్యకు ఒరిగినప్పుడు అది వదులవుతుంది. వానకు మాను తడిసి ఉండి, అప్పుడే కాలు జారిందంటే ఆపేది ఏదీ లేదు. కిట్‌లో నడుముకు, తొడలకు పట్టీలుంటాయి, క్లిప్‌తో తాడుకు తగిలించుకుంటారు. జారినా మనిషి వేలాడతాడు. అమెరికా వేటగాళ్లకూ అసలు గండం కూర్చున్నప్పుడు కాదు, తాడు విప్పి స్టాండు మీదికి అడుగు మార్చేటప్పుడే.

మరి ఎందుకు వాడరు? మా వీధిలో గీతపని చేసే బాబాయిని అడిగా. "ఇది కట్టుకునేలోపు రెండు చెట్లు ఎక్కి దిగొస్తా రా" అన్నాడు. బద్ధకం అనుకోకండి, లెక్క చూడండి. చెట్టుకు ఐదు నిమిషాలు అదనం అనుకుందాం. పది చెట్లు, రెండు పూటలు. రోజుకు గంటా నలభై నిమిషాలు! పొద్దెక్కేకొద్దీ కల్లు పులుస్తుంది, గెలకు రోజూ కోత పెట్టకపోతే అసలు కారనే కారదు. ఆ టైముకు డబ్బెవరిస్తారు?

అయినా నా ఓటు కిట్‌కే. ముఖ్యంగా వానాకాలంలో, నేల మీద తగిలించిన క్లిప్ మళ్లీ నేల మీదికొచ్చాకే విప్పాలి. కాకపోతే ఇచ్చి ఊరుకుంటే సరిపోదు. మోకు ఎప్పుడు మార్చాలో బాబాయి చేత్తో తడిమి చెప్పేస్తాడు. నైలాన్ పట్టీ ఎండకు ఎంత బలహీనపడిందో తడిమితే తెలీదు. అది చూసి చెప్పే మనిషి, మార్చుకోడానికి కొత్త పట్టీలు మండల కేంద్రంలోనే ఉండాలి. కుట్టు ఊడిన పట్టీ పట్టుకుని ఒకరోజు కూలి పోగొట్టుకుని ఖమ్మం పొమ్మంటే, బాబాయి దాన్ని అటకెక్కించి మోకు భుజానేసుకుంటాడు.