కిటికీకి రంగు

మా మోమిన్‌పేట్ ఇంటికి కిటికీలు ఎనిమిది. పోయిన దసరా సెలవుల్లో వాటికి రంగు వేయిద్దామని మేస్త్రిని పిలిచాను. ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి, "ఇద్దరం పని చేస్తే పది దినాలు పడతది" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఇల్లంతటికీ నాలుగు రోజుల్లో సున్నం వేసిన మనిషి, నాలుగు చెక్కలకు పది రోజులా?

"రంగేసుడు ఎంతసేపు సారూ? గీకుడే పని" అన్నాడతను.

ఇరవయ్యేళ్లుగా వ్యాకరణం చెబుతున్నవాణ్ణి, ఒకరి మాట అంత తేలిగ్గా నమ్ముతానా? ముందు ఒక కిటికీ నేనే వేసి చూసి, ఆ తర్వాత బేరం మాట్లాడదామనుకున్నాను. ఆదివారం పొద్దున మొదలుపెడితే భోజనాల వేళకు చేతులు కడుక్కోవచ్చని నా అంచనా.

భోజనాల వేళకు ఒక రెక్కలో సగం గీకాను. పైన ఆకుపచ్చ, దాని కింద నీలం, దాని కింద మా నాన్నగారి కాలపు ముదురెరుపు. వానాకాలంలో ఆ రెక్కలు మూయాలంటే భుజం ఆనించి నెట్టవలసి వచ్చేది. చెక్క తడికి ఉబ్బిందనుకునేవాళ్లం. ఏళ్లతరబడి రంగు మీద రంగు వేసి మేమే దాన్ని లావు చేశామని అప్పుడు తెలిసింది.

ఇందులో నవ్వులాట కాని సంగతి ఒకటుంది. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. అది పసిపిల్లల మెదడుకు చేటు. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించకూడదన్న నియమం 2017 నవంబరులో గాని అమలుకు రాలేదు. ఇది గుర్తొచ్చి తలెత్తి చూస్తే, మా చెల్లెలి మూడేళ్ల కొడుకు రాలిన పొడిలో వేలితో గీతలు గీస్తున్నాడు! వాడి చేతులు కడిగి లోపలికి పంపాను. అప్పటినుంచి చెక్కను తడుపుతూ గీకాను. నేలను ఊడవకుండా తడిగుడ్డతో తుడిచాను.

రెండో రోజంతా గరుకు కాగితంతో రుద్దటం. మూడో రోజు ప్రైమరు. నాలుగో రోజు మేకుల గుంతల్లో, పగుళ్లలో లప్పం పెట్టి, ఆరాక మళ్లీ రుద్దటం. అయిదో రోజుకు గాని అసలు రంగు డబ్బా మూత తీయలేదు. మేస్త్రి చెప్పినట్టే అది గంట పని! వేలికి అంటటం లేదు కదా అని సాయంత్రమే రెండో పూత కూడా దట్టంగా పట్టించాను.

ఆ రాత్రి లెక్క వేశాను. కిటికీకి రెండు రెక్కలు, రెక్కకు రెండు ముఖాలు. మొత్తం 32 ముఖాలు. గీకటం, రుద్దటం, ప్రైమరు, లప్పం, మళ్లీ రుద్దటం, రెండు పూతలు, ఏడు పనులు. వెరసి 224. చట్రాలు, చువ్వలు దీనికి అదనం. పది రోజులన్న మనిషి నాకు దయ చూపినట్టే లెక్క.

మర్నాడు మేస్త్రిని పిలిచి, "అడిగినంతా ఇస్తాను, ఏడు కిటికీలే మిగిలాయి" అన్నాను.

అతను నా కిటికీ దగ్గరకు వెళ్లాడు. రంగు ముసలివాడి చర్మంలా ముడతలు పడి ఉంది. నూనె రంగు గాలిని పీల్చుకొని ఆరుతుందట. పైన తోలు కట్టినా లోపల పచ్చిగానే ఉంటుందట. పూతకూ పూతకూ నడుమ ఒక రాత్రయినా ఆగాలట.

"ఏడు కాదు సారూ, ఎనిమిదే" అన్నాడు మెల్లిగా. "దీన్ని మళ్లా గీకాలె."

ఎనిమిదింటికీ కూలి ఇచ్చాను. బేరమాడలేదు.