అందరి దారీ శంషాబాద్‌కే

ఫిల్మ్‌నగర్‌కీ విమానానికీ పాత చుట్టరికం ఉంది. తెలుగు సినిమా మద్రాసులో కాపురమున్న రోజుల్లో మన తారలు అక్కడ విమానమెక్కి బేగంపేటలో దిగేవారు. షూటింగ్ ముగించుకుని మళ్లీ మద్రాసు వెళ్లిపోయేవారు. 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ మొదలైంది. ఆ తర్వాత ఒక్కొక్కరుగా మూటాముల్లె సర్దుకుని ఇటొచ్చేశారు. గుట్టలూ బండరాళ్లూ కాస్తా కాలనీలయ్యాయి. అయినా చాలాకాలం మద్రాసు పెద్దన్న, మనం తమ్ముళ్లం. విమాన ప్రయాణికుల లెక్కలోనూ అంతే.

ఇప్పుడు తమ్ముడు అన్నను దాటేశాడు. 2019-20లో చెన్నై విమానాశ్రయం హైదరాబాద్ కంటే వెంట్రుకవాసి ముందుంది. మరుసటి ఏడాది కరోనా దెబ్బకి రెండూ కుదేలయ్యాయి. మన లెక్క 2 కోట్ల పైనుంచి 80 లక్షలకు పడిపోయింది. చెన్నై అంతకంటే కిందికి జారింది. మనం త్వరగా లేచాం. 2024-25లో హైదరాబాద్‌కి దాదాపు 2.9 కోట్లు, చెన్నైకి 2.2 కోట్లు. ఢిల్లీ, ముంబయి, బెంగళూరు తర్వాత నాలుగో స్థానం మనదే.

ఈ కోట్లను చూసి అంతమంది మనుషులనుకునేరు! విమానాశ్రయం లెక్కే వేరు. ఎక్కితే ఒకటి, దిగితే ఒకటి. పండక్కి దుబాయ్ నుంచి వచ్చి వెళ్లిన అల్లుడు ఒక్కడే అయినా పద్దులో ఇద్దరు. నెలకు నాలుగుసార్లు ముంబయి వెళ్లొచ్చే హీరోయిన్ ఏడాదికి దాదాపు వందమంది ప్రయాణికుల పెట్టు.

అలాగని పెరుగుదల ఉత్తదేం కాదు. 2003లో ఎయిర్ డెక్కన్ వచ్చి టికెట్ ధరలు దించింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు, గల్ఫ్ కొలువులు, అమెరికా చదువులు తోడయ్యాయి. బేగంపేట ఇరుకైపోయింది. 2008 మార్చి 23 నుంచి విమానాలన్నీ శంషాబాద్‌కి మారాయి. అప్పుడు ఏడాదికి 1.2 కోట్ల మందికి సరిపడా కట్టారు. అదీ చాలక 3.4 కోట్లకు పెంచారు. ఇంటి పక్కనున్న బేగంపేట పోయి దాదాపు 30 కిలోమీటర్ల ప్రయాణం వచ్చిపడిందని ఫిల్మ్‌నగర్ వాసులు కొన్నాళ్లు గొణిగారు. ఔటర్ రింగురోడ్డు వచ్చాక ఆ గొణుగుడూ తగ్గింది.

మరి ఆదిలాబాద్ వాళ్లేమనాలి? హైదరాబాద్ నుంచి ఢిల్లీకి విమానంలో రెండు గంటల పైచిలుకు. ఆదిలాబాద్ నుంచి శంషాబాద్‌కి కారులో ఆరు గంటలు. తెలంగాణ మొత్తానికి ప్రయాణికుల విమానం దిగేది ఈ ఒక్కచోటే. అబ్బాయిని అమెరికా పంపడానికి అర్ధరాత్రి కారు మాట్లాడుకుని, పచ్చడి జాడీలు ఒళ్లో పెట్టుకుని బయల్దేరే కుటుంబాలన్నీ ఈ గుమ్మంలోకే రావాలి. మన 2.9 కోట్లలో వాళ్లూ ఉన్నారు.

ఎందుకిలా? శంషాబాద్ ఒప్పందంలో, చుట్టూ 150 కిలోమీటర్లలోపు పోటీగా మరో విమానాశ్రయం రాకూడదని ఓ షరతు పెట్టారు. వేలకోట్లు పెట్టేవాళ్లకి అది భరోసా. వరంగల్ పక్కన నిజాం కాలం నాటి మామునూరుకి మాత్రం అదే అడ్డుగోడ. చివరికి 2025లో కేంద్రం మామునూరుకి పచ్చజెండా ఊపింది.

చిన్న ఊళ్లకి రన్‌వే ఉన్నా సరిపోదు, విమానం నిలబడాలి. ఆ కథలో ఫిల్మ్‌నగర్‌కీ ఓ పాత్ర ఉంది. రామ్‌చరణ్ ప్రచారకర్తగా 2015లో హైదరాబాద్ నుంచి ట్రూజెట్ మొదలైంది. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం కింద ప్రధాని మోదీ ప్రారంభించిన తొలి సర్వీసుల్లో కడప-హైదరాబాద్ విమానం దానిదే. 2022లో ఆ సంస్థ విమానాలు ఆగిపోయాయి. పేరున్న హీరో, ప్రభుత్వ రాయితీ, రెండూ కలిసినా చిన్న ఊరి విమానాన్ని గాల్లో నిలపలేకపోయాయి.

చెన్నైని దాటామని సంబరపడదాం, తప్పులేదు. వచ్చే ఏడాది 3 కోట్లో, 4 కోట్లో అని లెక్క వేసేటప్పుడు ఇంకో లెక్క కూడా అడుగుదాం. విమానం ఎక్కడానికి ముందు మనవాళ్లు రోడ్డు మీద ఎన్ని గంటలు గడుపుతున్నారు? ఆ అంకె తగ్గితేనే ఈ అంకె పెరిగినందుకు అర్థం.