ఎనిమిదిన్నర లెక్క

చోడవరంలో సాయంత్రం కుండపోతగా వాన పడుతుంది. మర్నాడు పేపర్లో వర్షపాతం పట్టిక చూస్తే ఆ ఊసే ఉండదు. ‘మన ఊరిని మర్చిపోయారు’ అని నిష్ఠూరమాడతాం. మర్చిపోలేదు. వాతావరణశాఖకు రోజు ఉదయం ఎనిమిదిన్నరకు మొదలై మర్నాడు ఎనిమిదిన్నరకు ముగుస్తుంది. అంటే నిన్న సాయంత్రం వాన రేపటి పేపర్లో!

హెచ్చరికల రంగులతోనూ ఇదే తంటా. పసుపంటే కనిపెట్టి ఉండమని, నారింజంటే సిద్ధం కమ్మని, ఎరుపంటే ఇక కదలమని. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. అది వచ్చేచోటు రోజుల ముందే చెప్పారు కాబట్టి జనాన్ని తరలించగలిగారు. చెరకు తోటను ఎక్కడికి తరలిస్తాం?

అటు మాడుగుల కొండల్లో మంట లేస్తే ఉపగ్రహం పసిగడుతుంది. డెహ్రాడూన్‌లోని అటవీ సర్వే సంస్థ నుంచి సిబ్బంది సెల్‌ఫోన్‌కు కబురొస్తుంది. అది పోడు మంటో, కార్చిచ్చో కొండెక్కి చూడాల్సింది మాత్రం మనిషే.

జ్వరాల సంగతి ఇంకా చిత్రం. వాటిని ఏ ఉపగ్రహమూ చూడలేదు. దేశంలో 2004లో వ్యాధుల నిఘా కార్యక్రమం మొదలైంది. ఒకే వీధిలో నలుగురికి విరేచనాలో, జ్వరాలో వచ్చాయని ఏఎన్‌ఎం రాస్తే మంచినీటి పైపు ఎక్కడ పగిలిందో వెతుకుతారు, దోమల మందు కొడతారు. మందుల షాపులో మాత్ర కొనుక్కుని ముసుగుతన్ని పడుకున్నవాడి జ్వరం ఏ లెక్కలోకీ రాదు.

నిరుడు నేనూ అలాగే పడుకున్నాను లెండి. మూడోనాటికి పక్కింట్లోనూ జ్వరమే.